హనుమాండ్లు పేరు మీద

బాపు దినాలు అయిన మరునాడు పొద్దున అనిల ఒక పాత నోటుబుక్కు వెనక పేజీలో చేయాల్సిన పనులు రాసుకుంది.

కిరాయికి తెచ్చిన వంట గిన్నెలు కడిగి పంపాలి.
తాతకు కంటి చుక్కల మందు తేవాలి.
ఆసుపత్రి నుంచి చావు చీటీ తీసుకోవాలి.
అది చూపించి మున్సిపాలిటీలో సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టాలి.
పోలీసుల దగ్గర పంచనామా నకలు అడగాలి.
బాపు పనిచేసినట్టు మిల్లులో రాయించుకోవాలి.
ఆ కాగితాలన్నీ కలిపి లేబర్ ఆఫీసులో ఇవ్వాలి.
మిల్లు షెడ్డులో ఉన్న బాపు బండి తెచ్చుకోవాలి. తాళంచెవి సాయిలు కాక దగ్గర ఉండొచ్చు.
రేషన్ కార్డులోంచి బాపు పేరు తీసేయించాలి. ఇది తర్వాత.

ఎల్లారెడ్డి మీసేవ కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చుని రెండేళ్లుగా ఆమె పదిమందికీ చెప్పేది ఇదే వరస. ముందు ఆ కాగితం, తర్వాత ఈ కాగితం, రెండూ జతచేస్తే మూడోది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. తల్లి ఏడుపును ఆపడం ఆమెకు చేతకాలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న తాతను మాట్లాడించడం చేతకాలేదు. కాగితాలు తేవడం చేతనవును. అందుకే ఆ పని మొదలుపెట్టింది.

చావు చీటీ దగ్గరే ఆగిపోయింది.

కామారెడ్డిలో, ఆ రోజు బాపును తీసుకుపోయిన ఆసుపత్రి కిటికీ దగ్గర గుమస్తా ఇచ్చిన కాగితంలో మృతుని పేరు హనుమాండ్లు అని ఉంది. వయసు నలభై ఎనిమిది. తండ్రి పేరు దగ్గర ఉత్త గీత.

"పేరు తప్పు పడ్డది సార్. హనుమాండ్లు మా తాత. ఆయన ఇంటికాడ మంచిగ ఉన్నడు. పోయింది మా బాపు. పర్శరాములు."

"మేం కలగని రాసినమా అమ్మా? తీసుకొచ్చినోళ్లు ఐదుగురు. ఐదుగురూ అదే పేరు చెప్పిండ్రు. శవాన్ని అప్పజెప్పినప్పుడు మీ ఇంటోళ్లు కూడ చూసుకున్నరు. కింద దస్కత్ ఎవరిదో చూడు."

కింద ఉన్నది అనిల సంతకమే. ఇంగ్లీషులో, గుండ్రంగా, డిగ్రీ పరీక్షల్లో పెట్టినంత శుభ్రంగా ఉంది. ఊరందరికీ "చదవకుండా సంతకం పెట్టొద్దు" అని చెప్పే మనిషి, ఆ రోజు ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ పెట్టేసింది. పోలీసుల పంచనామా కూడా అంతే. పేరు హనుమాండ్లు. సంతకం అనిల.

అయితే తెచ్చినవాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. వాళ్లకు తెలిసిన పేరు అదే.

*

కామారెడ్డి దాటాక హైవే పక్కన ఉన్న ఆ మిల్లుకు బోర్డు మీద పేరు మూడుసార్లు మారింది. జనం మాత్రం ఇనుప మిల్లు అనే అంటారు. పాత ఇనుప ముద్దలను బట్టీలో ఎర్రగా కాల్చి, రోలర్ల మధ్య నుంచి సాగదీసి, ఇండ్లు కట్టే సలాకలు చేస్తారు. హనుమాండ్లు ముప్పై ఏండ్ల వయసు దాటాక అందులో చేరాడు. ఇరవై ఏండ్లు బట్టీ ముందు నిలబడి బొగ్గు ఎగదోశాడు. ఆ వేడికి కుడికన్ను పూర్తిగా పోయింది, ఎడమ కన్ను సగం పోయింది. ఇక చేతకాదని మేస్త్రికి చెప్పుకున్నప్పుడు మేస్త్రి ఒక ఉపాయం చెప్పాడు.

"కొత్త పేర్లు రాసుడు బంద్ పెట్టిండ్రు హనుమాండ్లూ. నీ పేరు కొట్టేస్తే మల్ల నీ ఇంట్లకెల్లి ఒక్కడు కూడ గేటు దాటడు. నీ కొడుకును తోలు. నీ బిళ్ళ మీదనే రానియ్యి. రిజిస్టర్ల ఉన్నది పేరే గని మొకం కాదు గద?"

గేటు పక్కన చెక్క మీద ఇత్తడి బిళ్ళలు వేలాడుతుంటాయి. పనికి వచ్చినవాడు తన నంబరు బిళ్ళ తీసి లోపల డబ్బాలో వేయాలి. అదే హాజరీ. హనుమాండ్లుది నలభై ఒకటో నంబరు. ఆ ఏడు దసరా నాడు, మిల్లులో పట్టకార్లకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టిన తర్వాత, హనుమాండ్లు ఆ బిళ్ళకు కూడా బొట్టు పెట్టి కొడుకు చేతిలో పెట్టాడు. "ఇయ్యాళ్టి సంది ఈడ నువ్వే హనుమాండ్లు" అన్నాడు. ఆ మాట అందరిలో గర్వంగా అన్నాడు. ఆస్తి ఇవ్వలేనివాడు నౌకరి ఇచ్చాడని చుట్టాలు కూడా మెచ్చుకున్నారు. మోసం చేస్తున్నామని వాళ్లలో ఒక్కరికీ తోచలేదు. ఇంట్లోని పేరు ఇంట్లోనే ఉంది కదా అనుకున్నారు.

అప్పటినుంచి ఇరవై ఒక్క ఏండ్లు పర్శరాములు ఎల్లారెడ్డిలో పర్శరాములు, కామారెడ్డిలో హనుమాండ్లు. పొద్దున ఐదున్నరకు బండి తీసి లింగంపేట మీదుగా పోయేవాడు. గేటు దగ్గర ఎవరైనా "హనుమాండ్లన్నా" అని పిలిస్తే ఠక్కున తిరిగి చూసేవాడు. ఒకోసారి ఇంట్లో తాతను ఎవరైనా పిలిచినా తనే "ఆఁ" అనేవాడు. తాతా మనవరాలూ నవ్వుకునేవారు.

*

మిల్లు మేనేజర్ చక్రధర్ చెడ్డమనిషి కాదు. అనిల రాగానే లేచి నిలబడ్డాడు, కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు.

"మీ బాపు పట్టకారు పట్టిండంటే ఎర్రటి సలాక సుత సప్పుడు చేయకుండ సందులకు పోయేది తల్లీ. గసొంటి చెయ్యి మల్ల దొరకదు. ఆ రోజు మా తలరాత మంచిగ లేదు. అంతే."

ఆ రోజు కాలుతున్న సలాక రోలర్ల సందు తప్పి పైకి లేచింది. ముందున్నవాడు తప్పుకున్నాడు. పర్శరాములు తప్పుకోలేకపోయాడు.

"ఆయన పనిచేసినట్టు ఒక కాగితం కావాలె సార్. పర్శరాములు, తండ్రి హనుమాండ్లు అని."

చక్రధర్ హాజరీ రిజిస్టర్ తెచ్చి ఆమె ముందు తెరిచాడు.

"నువ్వే చూడు. నలభై ఒకటి. హనుమాండ్లు. పర్శరాములు అనే పేరు ఈ బుక్కుల యాడన్న ఉంటే చూపెట్టు, నేను ఇప్పుడే రాసిస్త. దస్కత్ కూడ ఆయినదే. నేను పెట్టింది కాదు."

ప్రతి నెలాఖరుకూ ఒక సంతకం. హనుమాండ్లు. అక్షరాలు పెద్దవిగా, ఒక్కొక్కటి విడివిడిగా, సున్నా మరీ గుండ్రంగా. అనిల ఆ చేతిరాతను వెంటనే పోల్చుకుంది, ఎందుకంటే అది తను నేర్పిందే. మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆదివారం బాపు పలక తెచ్చి ముందు కూర్చున్నాడు. "వేలుముద్ర బంద్ చేస్తరట బిడ్డా, దస్కత్ నేర్పు" అన్నాడు. ఆమె ప, ర్శ అని మొదలుపెట్టింది. "అది కాదు, తాత పేరు నేర్పు" అన్నాడు. బాపుకు తాత అంటే ఎంత ప్రేమో అనుకుని, ఆయన చేయి పట్టుకుని మరీ దిద్దించింది. నాలుగు ఆదివారాల్లో వచ్చేసింది. తన పేరు రాయడం ఆయన మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆమె కూడా నేర్పలేదు.

"సార్, మా తాతకు డెబ్బై ఎనిమిదేండ్లు. ఆసుపత్రి చీటీల నలభై ఎనిమిది ఉంది. అదైనా..."

"అందుకే చెప్తున్న, జర ఇను." చక్రధర్ గొంతు తగ్గించాడు. "పేరు మార్పిచ్చినవనుకో. పోయినోడు పర్శరాములు అయితడు. పర్శరాములు మా మనిషి కాడు. అప్పుడు మేమేం చెయ్యలేం. అదే హనుమాండ్లు అని ఉండనిచ్చినవనుకో, అన్ని కాగితాలు ఒక్కటే తీరు ఉన్నయి. వయసు సంగతి నేను చూసుకుంట. మీ తాత ఆధార్ కార్డు ఒక్కటి తెచ్చియ్యి. మీకు రావాల్సింది మీకు వస్తది. ఇంకొకటి... మా ఆఫీసుల కంప్యూటర్ పనికి మనిషి కావాలె. నీ చదువుకు ఆ మీసేవల ఏమిస్తరు? ఈడ కూసో. నీ సొంత పేరు మీద."

"అంటే మా తాత సచ్చిపోయినట్టు రాస్తరా సార్?"

"కాయితం మీదనే గద తల్లీ."

*

మిల్లు ఎదుట చాయ్ హోటల్ దగ్గర సాయిలు బండి తాళంచెవి పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాపుతో పదిహేనేండ్లు ఒకే రోలర్ మీద పనిచేసిన మనిషి. అనిలకు చిన్నప్పటినుంచీ కాక.

"కాకా, నువ్వన్న చెప్పు. ఆసుపత్రిల అసలు పేరు ఎందుకు చెప్పలే?"

"నాకు యాదికి రాలేదు బిడ్డా." ఆయన తల పట్టుకున్నాడు. "మీ ఇంటికి పండక్కి వస్త, మీ అవ్వ చేతి అన్నం తింట. అయినా ఈ గేటు దగ్గరికొస్తే నా నోట్లకెల్లి హనుమాండ్లన్న తప్ప ఇంకోటి రాదు. ఆ గాబరల అదే వచ్చింది."

అటూ ఇటూ చూసి, చిన్నగా నవ్వాడు.

"నేను ఈడ ఎవరనుకున్నవ్? మల్లన్నను. మా అన్న పేరు. ఒకపారి మా ఆమె ఎవరితోనో ఫోన్ చేపిచ్చి సాయిలు ఉన్నడా అని అడిగిచ్చిందట. వాచ్‌మన్ గసొంటోడు ఎవ్వడు లేడని పెట్టేసిండు. ఇంటికి పోతే పనికని చెప్పి యాడ తిరిగొస్తున్నవని ఒకటే లొల్లి! రెండు రోజులు అన్నం పెట్టలే."

అనిలకు కూడా నవ్వు వచ్చింది. ఇంట్లో చావు అయ్యాక అదే మొదటి నవ్వు. వెంటనే ఆగిపోయింది, ఎందుకంటే సాయిలు నవ్వడం లేదు.

"ఏడుగురం ఉన్నం బిడ్డా. ఒకడు బాపు పేరు మీద, ఒకడు మామ పేరు మీద, నేను మా అన్న పేరు మీద. మా అన్న పోయి పదేండ్లాయె. నువ్వు ఈ సంగతి ఆఫీసుల బైటపెడితే ముందు మీ బాపుది బైటికొస్తది. ఎంబడే మా ఏడుగురిది వస్తది. పోయినోడు ఎట్లాగూ రాడు. ఉన్నోళ్లను జర చూడు."

బండి తోలుకుంటూ ఎల్లారెడ్డి దాకా ఆమె ఏమీ ఆలోచించలేకపోయింది. రోడ్డు పక్కన మక్క గింజలు ఎండబోసి ఉన్నాయి. వాటిమీద ఎక్కకుండా బండి నడపడమే సరిపోయింది.

*

తల్లి గంగమణి వాకిట్లో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మనిషి పోయిన ఇంట్లో అప్పుడే పనేమిటని ఎవరో అన్నారట. చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కుతదని జవాబిచ్చిందట. అనిల చెప్పింది మొత్తం ఆమె ఆకు కత్తిరిస్తూనే విన్నది. మంచం మీద తాత మాత్రం లేచి కూర్చున్నాడు. పది రోజుల తర్వాత నోరు తెరిచాడు.

"అయితే రాయుమను."

"ఏమని తాతా?"

"హనుమాండ్లు సచ్చిండని. ఇగ రేపో ఎల్లుండో నిజంగనే పోయేటోన్ని. జర ముందుగాల రాస్తే ఏమైతది?"

"నీ పింఛను బంద్ అయితది."

"చుట్టలకే గద అది."

"రేషన్ బియ్యం రావు. దవాఖానల కార్డు నడ్వది. ఏ ఆఫీసుకు పోయినా నువ్వు లేవంటరు."

"నేను ఇప్పుడు ఏ ఆఫీసుకు పోతున్ననే? గోడ కనిపిస్తలేదు నాకు." ముసలాయన గొంతు గట్టిపడింది. "బిళ్ళ వాని చేతుల పెట్టింది నేను. నా పేరు వానికి తొడిగిచ్చి తోలింది నేను. ఇరవై ఒక్కేండ్లు వాడు మోసిండు. ఇప్పుడు వాని సావు నా పేరు మీద ఉంటే నేను మోస్త. రాయుమను. నీకు నౌకరి వస్తది. నా మాట ఇను."

అనిల తల్లివైపు చూసింది. "నువ్వేమంటవ్ అవ్వా?"

"నేనేమంట? సదువుకున్నదానివి నువ్వు. నువ్వెట్లంటే గట్ల."

చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో ఏ కాగితం వచ్చినా అందరూ అదే మాట అనేవారు. కరెంటు బిల్లు వచ్చినా, బ్యాంకు ఉత్తరం వచ్చినా. అప్పట్లో ఆమెకు అది గొప్పగా ఉండేది. ఆ రోజు మాత్రం ఆ మాట రాయిలా మీద పడింది. సాయిలు, ఆయన వెనక ఆరుగురు. తాత పట్టుదల. తల్లి బీడీల చాట. అన్నీ ఒకవైపే ఉన్నాయి. రెండోవైపు ఉన్నది ఒక పేరు, దాన్ని రాయడం కూడా రాని మనిషి పేరు. సాయంత్రం కాకముందే ఆమె చక్రధర్‌కు ఫోన్ చేసి "సరే సార్" అంది.

*

సోమవారం కామారెడ్డి లేబర్ ఆఫీసుకు తల్లీ కూతుళ్లు బస్సులో వెళ్లారు. తాతను ఇంట్లోనే ఉండమన్నారు. చచ్చిపోయినవాడు అక్కడికి రాకూడదు కదా. చక్రధర్ మిల్లు జీపులో వచ్చాడు. సాక్షిగా సాయిలును వెంట తెచ్చాడు. సాయిలు బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు.

కాగితాలన్నీ చక్రధరే టైపు చేయించి తెచ్చాడు. అనిల ఈసారి చదివింది. ప్రతి లైనూ చదివింది. మృతుడు హనుమాండ్లు. భార్య గంగమణి. కూతురు అనిల. ఆడవాళ్ల పేర్లు రెండూ సరిగ్గా ఉన్నాయని చూసుకుని పక్కన పెట్టింది. వారం రోజులుగా వాళ్లందరూ మాట్లాడుకున్నది ఎవరు చచ్చారు, ఎవరు బతికారు అనే. భార్య అని రాసిన ఆ గడి మీద ఎవరి మనసూ పోలేదు.

ఆఫీసర్ మేడమ్ నడివయసు మనిషి. గంగమణిని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నీ వాంగ్మూలం రాయాలె అమ్మా. నీ భర్త పేరేంది?"

గంగమణి తల వంచుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తరం ఆడవాళ్లు మొగుని పేరు నోటితో అనరు. గంగమణి కూడా ఇరవై ఐదేండ్ల కాపురంలో ఎన్నడూ అనలేదు. "మా అనిల వాళ్ల బాపు" అనేది. ఓటు వేయడానికి పోయినా, బీడీ కార్డు చేయించడానికి పోయినా, పక్కన ఉన్నవాళ్లు పేరు చెప్పేవారు, ఆమె తలూపేది. అట్లాగే మామ పేరు కూడా అనదు. ఆఫీసర్ మేడమ్‌కు ఇది కొత్త కాదు.

"సరే, నువ్వు అనకు. సార్ చెప్తడు. నువ్వు అవును అను, చాలు."

"హనుమాండ్లు మేడమ్" అన్నాడు చక్రధర్.

"అవునా అమ్మా?"

గంగమణి తలెత్తింది. ఎవరో చెంప మీద కొట్టినట్టు చూసింది. కూతురు వైపు చూసింది, తలుపు వైపు చూసింది. తను తలూపాల్సింది దేనికో ఆమెకు అప్పుడు తెలిసింది. ఎదురుపడితే తను కొంగు సవరించుకునే మనిషి, కాళ్లు మొక్కే మనిషి, ఈ పొద్దున తను అంబలి కలిపి ముంత చేతికిచ్చి వచ్చిన ముసలాయన. ఆయన తన మొగుడని తలూపాలి. అనిలకు కూడా అదే క్షణంలో అర్థమయింది. చదివిన కాగితమే. అంత స్పష్టంగా టైపు చేసి ఉంది. తనకు కనిపించలేదు.

"అవునా? చెప్పమ్మా, టైం అయితుంది."

"కాదు."

"బాధల ఉన్నది మేడమ్" అన్నాడు చక్రధర్.

"ఆయిన మా మామ." గంగమణి లేచి నిలబడింది. కొంగు నోటి మీదనుంచి తీసేసింది. "నా పెండ్లి చేసుకున్నాయిన పేరు..." ఆగింది. రెండోసారి మొదలుపెట్టింది. "పర్శరాములు. ఆయిన పేరు పర్శరాములు."

అన్న తర్వాత తప్పు చేసిన పిల్లలా నాలుక కరుచుకుంది. వెంటనే ఏడ్చింది. ఊళ్లో శవం ముందు కూడా అంత గట్టిగా ఏడవలేదు.

ఆఫీసర్ మేడమ్ పెన్ను కింద పెట్టింది. చక్రధర్ ఇచ్చిన కాగితాలను, ఆసుపత్రి చీటీని పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత అనిలను చూసింది.

"చదువుకున్నట్టున్నవ్. నువ్వు చెప్పు. సార్ ఇచ్చింది రాయాల్నా, మీ అమ్మ చెప్పింది రాయాల్నా?"

కిటికీలోంచి వేపచెట్టు కనిపిస్తోంది. సాయిలు చెప్పులు విప్పి వాటిమీదే కూర్చుని ఉన్నాడు. అనిల ఆయనవైపు ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు.

"మా అమ్మ చెప్పిందే నిజం మేడమ్."

"రుజువుందా?"

ఫోన్ తీసి తన పదో తరగతి మెమో ఫొటో చూపించింది. తండ్రి పేరు: పర్శరాములు. మిల్లులో పనిచేసినట్టు రుజువు మాత్రం ఏమీ లేదని కూడా తనే చెప్పింది. తాత బిళ్ళ సంగతి, దస్కత్ సంగతి మొత్తం చెప్పింది. మిగతా ఏడుగురి మాట ఎత్తలేదు. ఎత్తకపోయినా చక్రధర్ ముఖం చూస్తే ఆయన అప్పటికే లెక్క వేసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

బయటికొచ్చాక ఆయన కోపగించుకోలేదు. "నీ ఇష్టం తల్లీ. అయితే పర్శరాములు అనేటోడు మా మిల్లుల ఎన్నడు పనిచెయ్యలే. మేం అదే రాసిస్తం" అని జీపెక్కాడు. సాయిలు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఏమైందని అడగలేదు. గంగమణి ముఖం చూసి తెలుసుకున్నాడు.

"మంచిది వదినా" అన్నాడు. అనిలతో మాట్లాడకుండా జీపు వెనక ఎక్కాడు.

ఇంటికి వెళ్లేసరికి తాత గడపలో కూర్చుని ఉన్నాడు.

"అయ్యిందా? సచ్చిన్నా?"

"లేదు తాతా. నువ్వు ఉన్నవ్."

"ఎందుకే? గంత చెప్పి పంపితే..."

"నేనే చెప్పిన మామా" అంది గంగమణి తలుపు చాటునుంచి. "పేరు పెట్టి చెప్పిన."

ముసలాయన కనిపించని కళ్లతో కోడలు ఉన్న దిక్కుకు చూశాడు. "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాడు. ఆ మాట అన్నాడే గానీ ఆ రోజు అన్నం ముట్టలేదు. తెల్లారి కూడా ముట్టలేదు.

*

మున్సిపాలిటీ సర్టిఫికెట్‌లో పేరు సరిచేయడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు అందులో పర్శరాములు, తండ్రి హనుమాండ్లు అని ఉంది. అది ఒక్కటే పూర్తయింది.

మిల్లు వాళ్లు మరుసటి వారమే అందరినీ ఆధార్ కార్డులు తెమ్మన్నారు. పేరు ఒకరిది, మనిషి ఇంకొకరు అయిన ఏడుగురినీ గేటు బయటే ఆపేశారు. ఇద్దరు గల్ఫ్ వీసాల కోసం తిరుగుతున్నారు. సాయిలు మాచారెడ్డి దిక్కు వరికోత మిషన్ మీద పనికి పోతున్నాడు. లేబర్ ఆఫీసులో కేసు ఇంకా ఉంది. పర్శరాములు ఆ మిల్లులో పనిచేయడం కళ్లతో చూసినవాళ్లు ఇద్దరు వచ్చి చెప్పాలన్నారు. లోపల ఉన్నవాళ్లకు భయం. బయట పడ్డవాళ్లకు కోపం. ఆ కోపం తప్పని అనిల అనుకోదు.

ఒక ఆదివారం ఆమె సాయిలు దగ్గరికి పోయింది. పొలం గట్టు మీద, ఒంటినిండా పొట్టుతో, ఆయన ఆమె ఇచ్చిన నీళ్ల సీసా తీసుకుని తాగాడు.

"నేనొచ్చి ఏమని చెప్పాలె? చూసినోడు ఎవడని అడిగితే సాయిలు అనాల్నా, మల్లన్న అనాల్నా? సాయిలు ఆ మిల్లుల లేనేలేడు. మల్లన్న సచ్చిపోయిండు." సీసా తిరిగిచ్చాడు. "మీ బాపుకు పేరు తెచ్చినవ్. మంచిదే. మా పేర్లు ఎవరు తెస్తరు బిడ్డా?"

ఆమె సీసా సంచిలో పెట్టుకుని వచ్చేసింది. కేసు వాయిదా వచ్చిన ప్రతిసారీ తల్లిని తీసుకుని కామారెడ్డి పోతుంది, ఇద్దరూ బల్ల మీద కూర్చుంటారు, పిలిచినప్పుడు లోపలికి పోతారు, "సాక్షులు?" అంటే "తెస్తం మేడమ్" అని వస్తారు.

అందుకే చదివేవాళ్లను ఒకటి అడగాలి. ఆ ఇరవై ఒక్క ఏండ్లలో మీరెప్పుడైనా ఇల్లు కట్టుకోవడానికి సలాకల కోసం ఆ మిల్లు దగ్గర ట్రాక్టర్ ఆపి ఉంటారు. ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగి ఉంటారు. మోచేతుల దాకా కాలిన మచ్చలున్న ఒక బక్కపలచని మనిషి, మెడలో తడిగుడ్డ వేసుకుని, మీ పక్కనే నిలబడి ఉంటాడు. "హనుమాండ్లన్నా" అని ఎవరో పిలిస్తే గ్లాసు పెట్టి లోపలికి పోయి ఉంటాడు. ఆ మనిషి మీకు యాదికుంటే ఆయన పేరు హనుమాండ్లు కాదు. పర్శరాములు, ఎల్లారెడ్డి. దయచేసి ఆ పేరుతోనే గుర్తుపెట్టుకోండి.